గర్భాశయ ముఖద్వార కాన్సరు: రోగ నిరోధక శక్తిని తెలిపే గుర్తులు, వాటిని చదివే తీరు

(సభ్యుల పాఠం. సంఘ సమావేశంలో చదివి వినిపించవలసినది.)

పాల సంఘం సభ్యులకు పరీక్ష అనే మాట కొత్త కాదు. పొద్దున, సాయంత్రం కేంద్రానికి పాలు తెచ్చిన ప్రతివారి ఎదుటా నమూనా తీస్తారు, లాక్టోమీటరు వేస్తారు, వెన్న శాతం చూస్తారు, చీటీ చేతికిస్తారు. ఆ చీటీలోని అంకె తగ్గితే ఎందుకు తగ్గిందని మన సభ్యురాలు నిలబడి అడుగుతుంది. అడగడం ఆమె హక్కు. కాని అదే సభ్యురాలి చేతికి ఆసుపత్రిలో ఒక రిపోర్టు ఇస్తే మాత్రం అడగడానికి నోరు రాదు. ఇంట్లో చదువుకున్న పిల్లవాడు నాలుగు అక్షరాలు కూడబలుక్కొని చెప్పిందే వేదమవుతుంది.

ఈ పాఠంలో గర్భాశయ ముఖద్వార కాన్సరు గురించి, ఆ వ్యాధిలో ఒంటి రోగ నిరోధక శక్తి ఎంతవరకు పోరాడుతున్నదో తెలిపే గుర్తుల గురించి చెప్పదలచాము. పాల సంఘం పత్రికలో ఈ సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన ఇళ్ళలో మేత వేయడం, కుడితి పెట్టడం, పాలు పితకడం చాలావరకు ఆడవారి చేతుల మీదనే నడుస్తున్నవి. మన దేశంలో ఆడవారికి వచ్చే కాన్సర్లలో రొమ్ము కాన్సరు తర్వాతి స్థానం దీనిదే. 2022 సంవత్సరపు అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో మన దేశంలో సుమారు 1 లక్షా 27 వేల మందికి ఈ వ్యాధి కొత్తగా బయటపడింది. దాదాపు 80 వేల మంది చనిపోయారు. వీరిలో చాలామంది సంసార భారం మోస్తున్న నడివయసువారు.

మేము వైద్యులము కాము. సంఘాల లెక్కలు, రిజిస్టర్లు తనిఖీ చేయడం మా పని. ఒక రీడింగును ఎంతవరకు నమ్మాలి, దేనితో కలిపి చదవాలి అన్నది మాత్రం ఆ పనిలో నేర్చుకొన్నాము. ఈ పాఠం డాక్టరుగారి సలహాకు బదులుగా వాడుకొనేది కాదు. డాక్టరుగారిని ఏమని అడగాలో తెలియడానికి వ్రాసినది.

వ్యాధికి మూలం

గర్భసంచి కింది కొసన మెడవలె సన్నగా ఉండి యోనిలోనికి తెరుచుకొనే భాగమే గర్భాశయ ముఖద్వారం. ఇక్కడ వచ్చే కాన్సరుకు దాదాపు అన్ని కేసులలోను కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. దీనినే పొట్టిగా హెచ్.పి.వి. అంటారు. ఇందులో 200కు పైగా రకాలున్నవి. ప్రమాదకరమైనవి సుమారు 14. వాటిలోను 16వ రకం, 18వ రకం ఈ రెండే నూటికి 70 కేసులకు కారణం. జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో 16వ రకాన్ని ఈ కాన్సరు కణాలలో గుర్తించింది. ఆ కృషికి ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వైరస్ కుటుంబం పాడి రైతులకు కొంత పరిచయమైనదే. పెయ్యల మెడ మీద, ముఖం మీద, ఆవుల చన్నుల మీద పులిపిర్లు లేవడం చూస్తుంటాము. వాటికి కారణం పశువుల పాపిలోమా వైరస్. అది మనుషులకు సోకదు. మనుషులది పశువులకు సోకదు. కనుక పాల వలన, పశువుల వలన ఈ కాన్సరు వస్తుందన్న అనుమానం ఎవరికీ అక్కరలేదు. అయితే ఒక పోలిక ఉన్నది. పెయ్య పులిపిర్లు చాలావరకు కొన్ని నెలలలో వాటంతటవే రాలిపోతవి. పశువు ఒంట్లో రోగ నిరోధక శక్తి ఆ వైరస్‌ను గుర్తుపట్టి తరిమివేయడం వలన అలా జరుగుతుంది.

మనుషులలోను అంతే. హెచ్.పి.వి. దాంపత్య సంబంధం వలన సోకే వైరస్. స్త్రీ పురుషులలో ఎక్కువ మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకి, తెలియకుండానే పోతుంది. దీనిని నడతకు ముడిపెట్టి ఆడమనిషిని నిందించడం అజ్ఞానం. సోకిన వారిలో నూటికి 90 మందికి 2 సంవత్సరాలలో ఒళ్ళే దానిని వదిలించుకుంటుంది. మిగిలిన కొద్దిమందిలోనే వైరస్ పాతుకుపోతుంది. అలా పాతుకుపోయినది కాన్సరుగా మారడానికి మామూలు ఆరోగ్యం ఉన్నవారిలో 15 నుంచి 20 సంవత్సరాలు పడుతుంది. చికిత్స తీసుకోని హెచ్.ఐ.వి. వంటి కారణాల వలన నిరోధక శక్తి తగ్గినవారిలో 5 నుంచి 10 సంవత్సరాలలోనే మారవచ్చును.

అంటే ఈ వ్యాధి మొదటి నుంచి చివరి వరకు వైరస్‌కు, ఒంటి రక్షణకు మధ్య జరిగే పోరాటమే. ఆ పోరాటం ఏ వైపుకు మొగ్గుతున్నదో చూపడానికి శాస్త్రజ్ఞులు వెతికిన ఆనవాళ్ళనే ఇక్కడ గుర్తులు అంటున్నాము.

ఒంటి కావలి ఎలా పనిచేస్తుంది

రక్తంలోని తెల్లకణాలలో లింఫోసైట్లు అనే జాతి ఉన్నది. వాటిలో సి.డి.8 అనే ముద్ర కలిగిన టి-కణాలు రోగం సోకిన కణాన్ని నేరుగా చంపగలవు. ప్రతి కణం తన లోపల ఏమి తయారవుతున్నదో దాని తునకలను పైకి తెచ్చి చూపిస్తుంది. టి-కణం వచ్చి తడిమి చూసి, అది సొంత సరుకా, వైరస్ సరుకా అని తేల్చుకుంటుంది.

హెచ్.పి.వి. దీనిని తప్పించుకోవడంలో ఆరితేరినది. అది రక్తంలోకి పోదు, పైపొరలోనే దాగి ఉంటుంది, కణాలను పగలగొట్టదు. అందువలన కావలివారికి అలికిడి తక్కువ. అది ఇ-6, ఇ-7 అనే రెండు ప్రొటీనులను తయారుచేసి, కణం అదుపు తప్పకుండా చూసే పి-53, ఆర్.బి. అనే రెండు కళ్ళాలను పనిచేయనివ్వదు. కాన్సరుగా మారిన తర్వాత ఆ కణాలు మరి మూడు ఎత్తులు వేస్తవి. పైకి చూపవలసిన తునకలను చూపడం మానుకుంటవి. పోరాటాన్ని చల్లబరిచే రకం టి-కణాలను చుట్టూ చేర్చుకుంటవి. పి.డి.-ఎల్.1 అనే ప్రొటీనును పైకి తెచ్చి, దగ్గరకు వచ్చిన టి-కణానికి బ్రేకు వేస్తవి.

పాలలో తెల్లకణాలు, గడ్డలో తెల్లకణాలు

పొదుగువాపు అనుమానం వచ్చినప్పుడు నాలుగు గుంటల పళ్ళెంలో నాలుగు చన్నుల పాలు వేరువేరుగా పితికి, మందు నీరు కలిపి తిప్పడం మన సభ్యులు చూసే ఉంటారు. 1957లో వెలువడిన కాలిఫోర్నియా పరీక్ష అది. ఏ చన్ను పాలు జిగురుగా చిక్కబడితే ఆ భాగంలో వాపు ఉన్నట్లు. అలా చిక్కబడడానికి కారణం పాలలోకి దిగిన తెల్లకణాలే. సూక్ష్మజీవులతో పోరాడడానికి అవి అక్కడికి చేరుతవి.

కాన్సరు గడ్డ ముక్కలోను డాక్టర్లు తెల్లకణాలనే వెతుకుతారు. కాని ఇక్కడ అర్థం తిరగబడుతుంది. పాలలో తెల్లకణాలు ఎక్కువైతే జబ్బు ఉన్నదని అర్థం. గడ్డ ఉన్నదని తేలిన తర్వాత, ఆ గడ్డలో చంపే టి-కణాలు ఎక్కువగా ఉంటే కావలి బలగం లోపలికి చేరిందని అర్థం. అది మంచి సూచన. ఒకే జాతి కణాలు ఎక్కువగా కనబడితే ఒకచోట చెడ్డ వార్త, మరొకచోట మంచి వార్త. ఏ గుర్తునైనా అది ఎక్కడిదో, ఎప్పటిదో తెలియకుండా చదవకూడదు.

గుర్తులు ఒక్కొక్కటి

1. గడ్డలోని సి.డి.8 కణాలు. తీసిన ముక్కకు ప్రత్యేకమైన రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో వీటిని లెక్కిస్తారు. ఇవి గడ్డ లోపలి దాకా చొరబడి ఉన్న రోగులు ఎక్కువ కాలం బాగుంటున్నట్లు అనేక పరిశోధనలలో కనబడింది. గడ్డ అంచున ఆగిపోయిన కణాల వలన అంత లాభం లేదు. పోరాటాన్ని చల్లబరిచే టి-కణాలతో పోల్చి నిష్పత్తి కూడ చూస్తారు. చంపేవి ఎక్కువ, చల్లబరిచేవి తక్కువ ఉంటే మేలు. ఇది ఇంకా ఎక్కువగా పరిశోధనలకే పరిమితమైన గుర్తు. మామూలు రిపోర్టులో కనబడకపోతే లోపమని అనుకోవద్దు.

2. పి.డి.-ఎల్.1. పైన చెప్పిన బ్రేకు ఇదే. టి-కణం మీద ఈ బ్రేకు పడే చోటును పి.డి.-1 అంటారు. దానిని 1992లో జపానుకు చెందిన తసుకు హోంజో బృందం కనుగొన్నది. ఇటువంటి బ్రేకును తప్పించి కాన్సరుకు చికిత్స చేయవచ్చునని చూపినందుకు హోంజోకు, అమెరికాకు చెందిన జేమ్స్ ఆలిసన్‌కు 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు. రిపోర్టులో దీనిని సి.పి.ఎస్. అనే అంకెగా వ్రాస్తారు. ముక్కలో 100 బ్రతికి ఉన్న కాన్సరు కణాలకు, పి.డి.-ఎల్.1 రంగు పట్టిన కణాలు (కాన్సరు కణాలు, తెల్లకణాలు కలిపి) 12 ఉంటే ఆ అంకె 12. అంకె 1 గాని అంతకు మించి గాని ఉంటే పాజిటివ్ అంటారు.

ఈ గుర్తు ముఖ్యంగా మందు ఎంపికకు పనికివస్తుంది. పెంబ్రోలిజుమాబ్ అనే మందు ఆ బ్రేకును పడనీయదు. వ్యాధి తిరగబెట్టిన లేదా దూరానికి పాకిన 617 మంది మీద జరిపిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2021లో వెలువడినవి. అంకె 1 గాని అంతకు మించి గాని ఉన్నవారిలో, మామూలు మందులతోపాటు దీనిని కూడ ఇచ్చినప్పుడు 2 సంవత్సరాలకు నూటికి 53 మంది బ్రతికి ఉన్నారు. ఇవ్వనివారిలో నూటికి సుమారు 42 మంది. తేడా ఉన్నది. కాని పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరూ బాగుపడలేదు, మందు ఇవ్వని ప్రతి ఒక్కరూ పోలేదు అన్నది కూడ ఆ అంకెలలోనే ఉన్నది. మందు చాలా ఖరీదైనది కూడ.

బ్రేకు ఎక్కువగా ఉన్నంత మాత్రాన రోగి పరిస్థితి చెడ్డదని చెప్పలేరు. టి-కణాలు వచ్చి మీదపడినందువల్లనే గడ్డ బ్రేకును పైకి తెచ్చి ఉండవచ్చు. అప్పుడు అది కావలి బలగం వచ్చిందనడానికి కూడ గుర్తే.

3. రక్తంలో న్యూట్రోఫిల్, లింఫోసైట్ల నిష్పత్తి. మామూలు రక్తపరీక్షలోనే ఈ రెండు అంకెలు ఉంటవి. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే నిష్పత్తి వస్తుంది. న్యూట్రోఫిల్ 60, లింఫోసైట్ 30 ఉంటే నిష్పత్తి 2. చికిత్సకు ముందు ఈ నిష్పత్తి బాగా ఎక్కువగా ఉన్నవారిలో ఫలితాలు కొంత తగ్గినట్లు పరిశోధనలు చెబుతున్నవి. అయితే జ్వరం వచ్చినా, చీము పట్టినా, కొన్ని మందులు వాడినా ఇది పెరుగుతుంది. దీనిని ఒక్కదానినే చూసి కంగారు పడకూడదు.

4. సి.డి.4 కణాల లెక్క. ఇది హెచ్.ఐ.వి. ఉన్నవారికి సంబంధించినది. హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీలకు ఈ కాన్సరు వచ్చే అవకాశం లేనివారికంటె సుమారు 6 రెట్లు ఎక్కువ. ఏ.ఆర్.టి. మందులు క్రమం తప్పక వాడితే నిరోధక శక్తి తిరిగి పుంజుకుంటుంది. వీరు 25 సంవత్సరాల నుంచే ముఖద్వార పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

5. తోడు గుర్తులు. రిపోర్టులలో మరి రెండు పేర్లు కనబడుతుంటవి. పి-16 అనేది ఆ కణాలలో హెచ్.పి.వి. చేష్ట ఉన్నదని తెలిపే రంగు పరీక్ష. ఎస్.సి.సి. యాంటిజెన్ అనేది ఈ కాన్సరులోని ఒక ముఖ్య రకం రక్తంలోకి వదిలే పదార్థం. దీనిని 1977లో జపాను వైద్యులు వెలుగులోకి తెచ్చారు. చికిత్సతో ఇది తగ్గాలి. తగ్గినది మళ్ళీ పెరుగుతుంటే వ్యాధి తిరగబెట్టిందేమోనని వెతుకుతారు. చర్మవ్యాధులలోను, మూత్రపిండాల జబ్బులోను కూడ ఇది పెరుగుతుంది.

ఒక్క రీడింగుతో తేల్చకూడదు

పాలలో నీళ్ళు కలిపితే లాక్టోమీటరు రీడింగు తగ్గుతుంది. వెన్న తీసివేస్తే పెరుగుతుంది. రెండూ చేసిన పాలకు రీడింగు మామూలుగానే రావచ్చు. అందుకే కేంద్రంలో లాక్టోమీటరుతో ఆగకుండా వెన్న శాతం కూడ చూస్తారు. పాల వేడిని బట్టి రీడింగును సరిచేస్తారు. క్యాను బాగా కలపకుండా తీసిన నమూనా నమూనా కాదని టెస్టరుకు నేర్పుతారు.

కాన్సరు గుర్తులకు ఈ మూడు జాగ్రత్తలూ వర్తిస్తవి. ఒక గుర్తును మరొకదానితో కలిపి చదవాలి. రోగికి అప్పుడు జ్వరం ఉందా, రక్తం తక్కువగా ఉందా చూడాలి. గడ్డ అంతా ఒకే తీరుగా ఉండదు గనుక ఒక మూల తీసిన చిన్న ముక్కలో నెగటివ్ వచ్చినది మరొక మూల పాజిటివ్ రావచ్చు.

అన్నిటిలోకి పెద్ద గుర్తు

ఇన్ని కొత్త గుర్తులు వచ్చినా వ్యాధి ఎంతవరకు పాకింది అన్న దశను ఏదీ పక్కకు నెట్టలేదు. డాక్టర్లు దీనిని 4 దశలుగా చూస్తారు. ముఖద్వారంలోనే ఉంటే 1వ దశ. పక్క భాగాలకు పాకితే 2. కటి గోడకు చేరినా, మూత్రనాళం మూసుకొని మూత్రపిండం ఉబ్బినా, లింఫు గ్రంథులకు చేరినా 3. మూత్రాశయంలోకి, పురీషనాళంలోకి లేదా దూరపు అవయవాలకు పోతే 4. అమెరికా లెక్కలలో, వ్యాధి అక్కడికే పరిమితమై ఉండగా గుర్తించిన వారిలో నూటికి సుమారు 90 మంది 5 సంవత్సరాలు దాటి బ్రతుకుతున్నారు. చుట్టుపక్కలకు పాకిన తర్వాత సుమారు 60 మంది. దూరానికి పోయిన తర్వాత సుమారు 20 మంది మాత్రమే.

ఈ మూడు అంకెలను సంఘ సమావేశంలో రెండుసార్లు చదవండి. ఎంత ముందుగా చూపించుకున్నదన్నదే చాలామంది విషయంలో ప్రాణాన్ని నిలబెట్టేది.

నెగటివ్ అంటే చికిత్స లేదని కాదు

ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక సభ్యురాలి కుమారుడు రిపోర్టుల సంచి పట్టుకొని మా దగ్గరకు వచ్చాడు. “సార్, మా అమ్మకు పి.డి.-ఎల్.1 నెగటివ్ వచ్చిందండి. ఇంక ఏ మందూ పనిచేయదని బంధువులు అంటున్నారు. కరెంటు పెట్టడం సగమైంది. రోజూ ఆటోకు, బస్సుకు ఖర్చు. గేదెను కూడ బేరం పెట్టాం. ఆపేద్దామా?” అని అడిగాడు. ఆపే ముందు చికిత్స చేస్తున్న డాక్టరుగారిని ఇదే ప్రశ్న అడగమని, అడిగిన తర్వాతే గేదె సంగతి చూడమని చెప్పాము. ఆ వారమే వెళ్ళి అడిగాడు. వ్యాధి దూరానికి పోలేదని, ఆమెకు ఇస్తున్న కరెంటు చికిత్సకు, వారానికొకసారి ఎక్కించే మందుకు ఆ రిపోర్టుతో పని లేదని డాక్టరుగారు చెప్పారట. ఆమె మిగిలిన చికిత్స పూర్తి చేసుకున్నది. గేదె ఇంట్లోనే ఉన్నది.

ఈ సంగతి సభ్యులందరికీ తెలియాలి. పాకినా ఇంకా దూరానికి పోని వ్యాధికి, కరెంటుతో పాటు వారం వారం సిస్‌ప్లాటిన్ అనే మందు ఇస్తే మేలని 1999లో 5 పరిశోధనల ఆధారంగా తేలింది. అప్పటి నుంచి అదే మూల చికిత్స. దానికి పి.డి.-ఎల్.1 పాజిటివ్ కావలసిన అవసరం లేదు. ఈ చికిత్సకు పెంబ్రోలిజుమాబ్‌ను జతచేసి చూసిన 1060 మంది పరిశోధనలో 3 సంవత్సరాలకు నూటికి సుమారు 83 మంది బ్రతికి ఉన్నారు. జతచేయని వారిలోను నూటికి సుమారు 75 మంది ఉన్నారు. ఈ ఫలితాలు 2024లో వెలువడినవి. ఖరీదైన మందు అందనివారికి కూడ మూల చికిత్స ఎంత బలమైనదో ఈ రెండవ అంకె చెబుతున్నది.

రోగి చేతిలోను, ఇంటివారి చేతిలోను ఉన్న సంగతులు రెండున్నవి. మొదటిది, బయటి కరెంటు, లోపల పెట్టే కరెంటు కలిపి 8 వారాలలో పూర్తి కావాలి. మధ్యలో మానితే వ్యాధి మళ్ళీ పుంజుకొనే అవకాశం పెరుగుతుంది. నాట్లు అని, పెళ్ళి అని, పండుగ అని విరామం ఇవ్వకూడదు. రెండవది, రక్తహీనత ఉన్నవారిలో ఫలితాలు తగ్గుతున్నవి. చికిత్సకు ముందే హిమోగ్లోబిన్ ఎంత ఉందో అడిగి, తక్కువగా ఉంటే డాక్టరు చెప్పిన ప్రకారం సరిచేయించుకోవాలి.

తప్పుగా చదివే రిపోర్టు

మన రెండు తెలుగు రాష్ట్రాలు గర్భసంచి తీసివేయించుకున్న స్త్రీలు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఉన్నట్లు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. తెల్లబట్ట అవుతున్నదని, రిపోర్టులో వాపు అని వ్రాశారని, ఉంచితే కాన్సరు అవుతుందని భయపడి 30, 35 సంవత్సరాలకే తీయించుకున్నవారు మన సభ్యులలోను ఉన్నారు. వాపు అన్న మాట కాన్సరు అన్న మాట కాదు. ముఖద్వారం మీద చిన్న ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఆ మాట వ్రాస్తారు. హెచ్.పి.వి. పాజిటివ్ అన్నా కాన్సరు అని అర్థం కాదు. దగ్గరగా పరీక్షించి చూడాలని మాత్రమే అర్థం. అప్పు చేసి ఆపరేషనుకు ఒప్పుకొనే ముందు, ముక్క పరీక్ష ఏమి చెప్పింది అని అడగండి. ప్రభుత్వాసుపత్రిలో మరొక డాక్టరుకు చూపించండి.

అయితే ముట్లు ఆగిపోయిన తర్వాత రక్తం కనబడినా, కలయిక తర్వాత రక్తం కనబడినా, రెండు ముట్ల మధ్య రక్తం పోతున్నా, దుర్వాసనతో నీరు పోతున్నా సిగ్గుపడి ఇంట్లో దాచుకోకూడదు. వెంటనే చూపించుకోవాలి.

అన్నిటికంటె ముందు చేయవలసిన పరీక్ష

ఇంతవరకు చెప్పిన గుర్తులు చాలావరకు వ్యాధి వచ్చిన తర్వాత చూసేవి. అంతకంటె విలువైనది వ్యాధి రాకముందు చూసేది. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లా పల్లెలలో 30 నుంచి 59 సంవత్సరాల వయసుగల 1,31,746 మంది స్త్రీలతో ఒక పెద్ద పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 2009లో వెలువడినవి. ఒకే ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స చేసిన గ్రామాలలో, ముదిరిన కాన్సర్లు, దాని వలన మరణాలు, పరీక్ష లేని గ్రామాలతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గినవి. వారు మనవంటి పల్లెల ఆడవారే.

కాన్సరుకు ముందు దశలో మార్పు కనబడితే ఆ చోటును వేడితో గాని, అతి చల్లదనంతో గాని మాడ్చివేయవచ్చు. లేదా ఆ కొద్ది భాగాన్నే తీసివేయవచ్చు. గర్భసంచి మొత్తం తీయనక్కరలేదు. హెచ్.పి.వి. పరీక్ష లేనిచోట పలచని ఎసిటిక్ ఆమ్లం (వెనిగరు) అద్ది చూసే పరీక్ష ఉన్నది. అనుమానపు చోటు తెల్లబడుతుంది. కొద్ది నిమిషాల పని. కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాలలో 30 నుంచి 65 సంవత్సరాల స్త్రీలకు 5 సంవత్సరాలకొకసారి ఈ పరీక్ష చేయాలని ఉన్నది. అయినా 2019-21 జాతీయ సర్వేలో 30-49 సంవత్సరాల స్త్రీలలో ఎప్పుడైనా ముఖద్వార పరీక్ష చేయించుకున్నామన్నవారు నూటికి ఇద్దరు కూడ లేరు.

ఆడపిల్లలకు టీకా ఉన్నది. 9 నుంచి 14 సంవత్సరాల మధ్య, వైరస్ సోకే వయసుకు ముందే వేయించాలి. మన దేశంలో తయారైన టీకాకు 2022లో అనుమతి వచ్చింది. ఇది ఒంటి కావలికి ముందుగానే శత్రువు ఆనవాలు పట్టిస్తుంది. అప్పటికే సోకిన వైరస్‌ను ఇది పోగొట్టలేదు గనుక, తల్లులు పరీక్ష మానకూడదు.

సంఘం చేయగలిగినది

పరీక్ష రోజున పాలు పోసే వంతు ఎవరు చూస్తారన్నదే చాలామందికి అడ్డంకి. సంఘం కార్యదర్శి ఆశా కార్యకర్తతోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతోను మాట్లాడి, పొద్దుటి సేకరణ అయిన తర్వాత 10 మందిని కలిపి పంపవచ్చు. ఇరుగుపొరుగు వారు సాయంత్రపు పాలు తెచ్చి పోసేట్లు ఏర్పాటు చేయవచ్చు. చికిత్సకు పోయిన సభ్యురాలి గేదెకు 8 వారాలు మేత చూడడం నలుగురు పంచుకుంటే పెద్ద భారం కాదు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. వంటి ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రులకు పోయేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టి ఇవ్వడానికి చదువు వచ్చిన సభ్యులు సాయపడవచ్చు.

ఒక హెచ్చరిక. ఎవరు పరీక్షకు పోయారు, ఎవరికి ఏమి వచ్చింది అన్న సంగతి సంఘం రిజిస్టరులో వ్రాయవద్దు, నోటీసు బోర్డు మీద పెట్టవద్దు, పాల కేంద్రం దగ్గర మాట్లాడుకోవద్దు. వెన్న శాతం అందరి ఎదుటా చదివేది. ఆడమనిషి రిపోర్టు ఆమెది మాత్రమే.

గుర్తుంచుకోవలసినవి

1. వైరస్ సోకిన వారిలో ఎక్కువమందికి ఒళ్ళే దానిని వదిలించుకుంటుంది. పాతుకుపోయినప్పుడే ప్రమాదం.
2. నిరోధక శక్తి గుర్తులు అవకాశాలను చెబుతవి. ఫలానా మనిషి బ్రతుకుతుందా లేదా అని చెప్పవు.
3. పి.డి.-ఎల్.1 నెగటివ్ అంటే చికిత్స లేదని కాదు.
4. దశ అన్నిటికంటె పెద్ద గుర్తు. ముందుగా చూపించుకుంటే ఫలితం మెరుగు.
5. మొదలుపెట్టిన చికిత్సను 8 వారాలలో పూర్తి చేయాలి.

చర్చకు ప్రశ్నలు

1. పాలలో తెల్లకణాలు పెరగడానికి, గడ్డలో చంపే టి-కణాలు ఎక్కువగా ఉండడానికి అర్థంలో తేడా ఏమిటి?
2. లాక్టోమీటరు ఒక్కటే చూసి పాలను ఎందుకు నిర్ణయించరు? ఆ సూత్రం కాన్సరు రిపోర్టుకు ఎలా వర్తిస్తుంది?
3. మన సంఘంలో 30 సంవత్సరాలు దాటిన సభ్యురాళ్ళు పరీక్షకు పోవాలంటే ఏ రోజు, ఏ వేళ అనుకూలం? ఆ పూట పాలు ఎవరు పోస్తారు?

మూడవ ప్రశ్నకు సమాధానం సమావేశం ముగిసేలోగా తేల్చుకొని, తేదీని అక్కడికక్కడే నిర్ణయించవలసిందిగా సంఘాల అధ్యక్షులను, కార్యదర్శులను కోరుతున్నాము.